పెదనాన్న ఇంటి ఫర్నేస్

నా చిన్నప్పుడు మా ఇంట్లో దొంగతనం కంటే, బూతు మాట కంటే పెద్ద తప్పు ఒకటి ఉండేది. ఫర్నేస్ మీది ఎర్ర బటన్‌ను రెండోసారి నొక్కడం.

చలికాలంలో ఇళ్ళు వెచ్చగా ఉంచే ఆయిలు అమ్మడం మా కుటుంబ వ్యాపారం. మా ఊరు పెన్సిల్వేనియా కొండల్లో ఉంది. ఇక్కడ ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లోనూ ఒక ఫర్నేస్ ఉంటుంది. అది ఆయిలును సన్నటి తుంపరగా చిమ్మి మండిస్తుంది. ఏదైనా అడ్డుపడి మంట అంటుకోకపోతే తనంతట తానే ఆగిపోతుంది. అప్పుడు ఆ ఎర్ర బటన్‌ను ఒక్కసారి నొక్కి చూడవచ్చు. అంటుకుంటే సరే. అంటుకోకపోతే మళ్ళీ దాని జోలికి పోకూడదు. నొక్కిన ప్రతిసారీ కాలని ఆయిలు లోపల మడుగు కడుతుంది. తర్వాత ఎప్పుడో ఒక నొక్కుకు నిప్పు అందుకుందంటే ఆ మడుగంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. గొట్టాలు ఊడిపోతాయి, ఇల్లంతా మసి కమ్ముకుంటుంది, ఒక్కోసారి ఇల్లే మిగలదు.

అందుకే చలికాలం ఫోన్ మోగితే మా నాయనమ్మ ముందుగా పేరు కూడా అడిగేది కాదు. "వన్ టైమ్ ప్రెస్. దెన్ హ్యాండ్ ఇన్ పాకెట్," అనేది. ఊళ్ళో తెల్లవాళ్ళు ఆ మాటను ఆవిడ గొంతుతోనే అనుకరించి నవ్వుకునేవాళ్ళు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళలో కొందరి మనవలు ఈ రోజు మా కస్టమర్లు. వాళ్ళ ఇళ్ళు కాలిపోకుండా నిలబడింది ఆ మాట వల్లేనని వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మా తాతయ్య క్రైస్తవ మిషన్ వాళ్ళ సాయంతో కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాడు. చదువుకుంటూ ఖర్చులకోసం బొగ్గు అమ్మే ఒక ముసలాయన దగ్గర పనికి కుదిరాడు. బొగ్గు పార చేతికొచ్చాక పుస్తకం మళ్ళీ చేతికి రాలేదు. పిల్లలు లేని ఆ ముసలాయన చివరి రోజుల్లో దుకాణాన్ని తాతయ్యకే అమ్మాడు. బొగ్గు పోయి ఆయిలు వచ్చింది. బొగ్గు బండి గుర్రాన్ని కట్టే షెడ్డులో ట్యాంకర్ ట్రక్కు వచ్చి నిలబడింది. నాయనమ్మ వచ్చి ఫోన్ దగ్గర కూర్చుంది. మా పెదనాన్న, మా నాన్న మీసాలు రాకముందే ఆయిలు గొట్టం మోయడం నేర్చుకున్నారు. తర్వాత మేము.

తాతయ్యకు ఒక పట్టుదల ఉండేది. ఎవరింటికి ఆయిలు పోస్తామో ఆ ఇంటి ఫర్నేస్‌ను ఏటా వేసవిలో మేమే విప్పి శుభ్రం చెయ్యాలి. పెదనాన్నకు అది దండగ అనిపించింది. శుభ్రం చెయ్యడం మానేసి ఆయిలు చవగ్గా అమ్మితే ఊరంతా మనదే అవుతుందన్నాడు. తాతయ్య ఒప్పుకోలేదు. పెదనాన్న ఒక ట్రక్కు తీసుకుని వేరుపడ్డాడు. మా ఇంటిపేరునే పెద్ద అక్షరాలతో దాని మీద రాయించి, పక్కన 'అండ్ సన్స్' అని పెట్టించాడు. ఆయనకు ఉన్నది ఒక్క కూతురు. ఈ సంగతి అప్పుడూ ఎవరూ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తరు. నేను ఎత్తుతున్నాను.

కొంతకాలం రెండిళ్ళ మధ్య మాటలు లేవు. ఊళ్ళో ఉన్న కొద్దిపాటి తెలుగు కుటుంబాలు కూడా ఆయిలు విషయంలో అటు సగం ఇటు సగం అయ్యాయి. చర్చిలో మాత్రం అందరూ ఒకే బల్లల మీద కూర్చునేవాళ్ళు. అలా ఉండగా ఒక థాంక్స్‌గివింగ్‌కు పెదనాన్న తన ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి అందరినీ పిలిచాడు. మమ్మల్ని కూడా. వద్దని నాన్న అన్నాడు. వెళ్ళాలని తాతయ్య అన్నాడు. కారులో అందరం పట్టక, తాతయ్య, నాన్న, నేను సర్వీస్ వ్యాన్‌లో వెళ్ళాం.

వ్యాన్ ఇంకా ఆగకముందే పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. "వ్యాన్ వీధిలో పెట్టండి మరిదిగారూ. డ్రైవ్‌వే కొత్తగా వేయించాం, ఆయిలు కారుద్దేమో" అంది. మా వ్యాన్‌లో ఆయిలు ఎన్నడూ కారలేదు. నాన్న వ్యాన్ వెనక్కి తీశాడు. లోపల పెద్ద బల్ల దగ్గర పెదనాన్న కూతురికి కుర్చీ వేశారు. నాకు మాత్రం గరాజ్ తలుపు పక్కన మడత బల్ల దగ్గర చోటు చూపించారు. ఆ తలుపు సందులోంచి వచ్చిన చలిగాలి నా మోకాళ్ళకు ఇంకా తగులుతూనే ఉంది.

ప్రార్థన తాతయ్య చేశాడు. మేము ఇంకా తినడం మొదలుపెట్టకముందే ఇల్లు చల్లబడసాగింది. ముందు ఆడవాళ్ళు శాలువాలు కప్పుకున్నారు. తర్వాత ఎవరో నవ్వుతూ, "ఏంటండీ, ఆయిలు కంపెనీ ఓనర్ ఇంట్లోనే హీట్ లేదా?" అన్నారు. అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వి, బేస్‌మెంట్ మెట్లు దిగాడు.

నేను కూర్చున్న చోటు ఆ మెట్లకు దగ్గర. కింద బటన్ చప్పుడు వినిపించింది. మోటారు గుర్రుమని, కాసేపు తిరిగి ఆగిపోయింది. పెదనాన్న పైకి వచ్చి, "వస్తది, ఫైవ్ మినిట్స్" అన్నాడు. రాలేదు. మళ్ళీ దిగాడు. మళ్ళీ అదే చప్పుడు. నా చేతిలోని ఫోర్క్ ఆగిపోయింది. మా ఇంట్లో పుట్టి, మా నాయనమ్మ గొంతు వింటూ పెరిగిన మనిషి రెండోసారి నొక్కాడు. నేను చూసినంతలో అంతవరకూ ప్రపంచంలో ఎవరూ చెయ్యని పని అది. తాతయ్య వైపు చూశాను. ఆయన తినడం మానేసి, తల కాస్త పక్కకు వంచి నేల కింది నుంచి వచ్చే చప్పుడు వింటున్నాడు.

బేస్‌మెంట్‌లో ఫర్నేస్ ఉన్న గదికి ఆనుకునే పిల్లలు ఆడుకునే గది ఉంది. చిన్నపిల్లలంతా అప్పుడు అక్కడే ఉన్నారు. మా తమ్ముడు కూడా.

నాన్న లేచి మెట్ల తలుపు దగ్గరికి వెళ్ళాడు. పెదనాన్న అడ్డంగా నిలబడ్డాడు.

"అన్నయ్యా, నేనొకసారి చూస్తాను."

"కూర్చోరా. మీ కంపెనీ సర్వీసు మాకేం అక్కర్లా."

"నువ్వు బటన్ నొక్కుతూ పోతున్నావు. వినపడతానే ఉంది."

"నాకు చెబుతున్నావా నువ్వు? నాకు?"

నాన్న ఆ మాట అన్నందుకు పెదనాన్న గిర్రున తిరిగి కిందికి వెళ్ళి మళ్ళీ నొక్కి వచ్చాడు. రోషంతో నొక్కాడు. అందరి ముందూ తప్పు పట్టారు కాబట్టి నొక్కాడు. ఈసారి పచ్చి ఆయిలు వాసన మెట్ల మీదుగా పైకి వచ్చింది. కూడికకు వచ్చినవాళ్ళు పళ్ళేలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది మా కస్టమర్లు, సగం ఆయన కస్టమర్లు. ఏడాది పొడవునా సాగిన తగాదాలో ఎవరిది ఒప్పో ఆ పూట తేలిపోబోతోందని వాళ్ళందరికీ తెలుసు. పెదనాన్నకు ఇంకా బాగా తెలుసు. ఆయన రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించి, ఆ మెట్లు దిగాలంటే తనను తోసుకునే దిగాలన్నట్టు నిలబడ్డాడు. నాన్న ముఖం కందిపోయింది. మరొక్క మాట పడితే పెదనాన్న మరోసారి కిందికి వెళ్తాడు. నాకు తమ్ముడి నవ్వు కింది నుంచి వినిపిస్తోంది.

అప్పుడు తాతయ్య లేచాడు. మెల్లగా నడిచివచ్చి నాన్న భుజం మీద చెయ్యేసి పక్కకు జరిపాడు. పెదనాన్న ఎదురుగా నిలబడి, అందరికీ వినపడేలా అన్నాడు.

"తప్పు నాదిరా పెద్దోడా. ఈ ఫర్నేస్ పెట్టింది నేనే కదా. లోపల మంట చుట్టూ ఇటుక సరిగా పేర్చలేదు. అప్పుడే తెలుసు నాకు. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నా. నువ్వేం చేసినా అది అంటుకోదు. నా పని నన్ను సరిచేసుకోనీ."

నేను నిర్ఘాంతపోయాను. మా తాతయ్య అబద్ధం ఆడాడు. కాసేపటి కింద అదే గదిలో ప్రార్థన చేసిన మనిషి, ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి ఫర్నేస్‌లలో ఇటుక పేర్చిన మనిషి, తన చేతిపని మీద తానే అబద్ధం చెప్పాడు. పెదనాన్న ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. చట్రం మీది చేతులు దిగాయి. జనం వైపు తిరిగి, "చూశారా?" అన్నాడు. చూశారా అన్నాడు. నేను ఆ మాటను ఎన్ని రకాలుగా తలుచుకున్నా అందులో జాలి కలిగించేది ఏదీ నాకు దొరకలేదు. ఆ తర్వాత ఆయన పక్కకు జరిగాడు. "కానీ నాన్నా, చూడు మరి" అన్నాడు, పెద్దమనసు చేసుకున్నట్టు.

తాతయ్య మొదట చేసిన పని, మెట్ల పైన, అంతవరకూ పెదనాన్న వెనక ఉండిపోయిన గోడ మీది ఎర్ర స్విచ్ ఆపడం. ఫర్నేస్‌కు కరెంటు పోయింది. తర్వాత, "ఇటుక విప్పితే దుమ్ము రేగుద్ది, పిల్లలకి పడదు. అందరూ కోట్లు వేసుకుని కాసేపు బయట ఉండండి" అన్నాడు. అది రెండో అబద్ధం. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. పిల్లలు ఒక్కొక్కరే పైకి వచ్చి మమ్మల్ని దాటి బయటికి వెళ్ళారు. తమ్ముడి చెయ్యి అందుకుని అమ్మకు అప్పగించాను. నేను మాత్రం బయటికి వెళ్ళలేదు. నాన్న వ్యాన్‌లోంచి పనిముట్లు, పాత గుడ్డల మూట తెస్తుంటే ఆయన వెనకే కిందికి దిగాను.

కిటికీలు తెరిచి, ఆయిలు వాల్వు కట్టేసి, వాసన పోయేదాకా ఆగి, తాతయ్య ఫర్నేస్ తలుపు విప్పి టార్చిలైటు వేశాడు. ఆయన చంక కింది నుంచి నేనూ చూశాను. లోపలి ఇటుకలు అంచుకు అంచు కలిసి, చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. వాటి మధ్య ఆయిలు గుంటలో నీళ్ళలా నిలిచి టార్చి వెలుగులో తళతళ మెరిసింది. అంత ఆయిలు ఉంటుందని తాతయ్య కూడా అనుకోలేదేమో, టార్చి మరింత దగ్గరికి పెట్టి చూశాడు. మా తలల మీద నేల. ఆ నేల మీద కాసేపటి కిందటిదాకా నిలబడ్డ మనుషులు. పక్క గదిలో పిల్లలు వదిలేసి వెళ్ళిన బొమ్మ రైలు. ఇంకొక్క నొక్కు.

తాతయ్య మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డలతో ఆయిలు తోడటం మొదలుపెట్టాడు. నాన్న నిలబడే ఉన్నాడు.

"రేపు ఊరంతా చెప్పుకుంటారు నాన్నా. ఆయనకి ఇటుక పేర్చడం కూడా రాదంటారు. అన్నయ్య గెలిచాడంటారు. ఎందుకన్నావ్ ఆ మాట?"

"వాణ్ణి తలుపు కాడ నుంచి కదిలించాలి. ఇంకేం చెబితే కదిలేవాడో నువ్వు చెప్పు."

నాన్న కూడా మోకాళ్ళ మీద కూర్చుని ఒక గుడ్డ అందుకున్నాడు. నా దగ్గర ప్రశ్న ఉంది. దేవుడికి కోపం రాదా తాతయ్యా అని అడిగాను.

"వస్తదేమోనమ్మా. ఆ సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు గుడ్డలియ్యి."

ఆయిలును తుంపరగా చిమ్మే నాజిల్ మసితో మూసుకుపోయి ఉంటే, దాన్ని మార్చారు. ఏడాదిగా ఎవరూ విప్పి తుడవని ఫర్నేస్ అది. ఆయిలు కంపెనీ ఓనరు తన ఇంటిదే తుడిపించుకోలేదు. కాసేపటికి మంట అంటుకుని సమంగా మండింది. బయట చలిలో నిలబడ్డవాళ్ళు లోపలికి వచ్చి చప్పట్లు కొట్టారు. పెదనాన్న తాతయ్య వీపు తట్టాడు. వీపు తట్టాడు! టర్కీ కోస్తూ, "వయసు మీద పడింది కదా, అప్పుడప్పుడూ అవుతుంటాయి" అన్నాడు. మా తాతయ్య తలూపాడు. పెద్దమ్మ ఆయన పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. నాకేమీ వెయ్యలేదు.

నాన్న చెప్పినట్టే అయింది. ఆ చలికాలం మా కస్టమర్లు కొందరు అటు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఫోన్ చేసి, మా ఇంట్లో ఇటుక కూడా మీరే పేర్చారు కదా, ఒకసారి చూసి వెళ్ళండి అన్నారు. తాతయ్య ఏ ఇంటికీ వెళ్ళనని అనలేదు. ఎవరు పిలిచినా వెళ్ళి ఫర్నేస్ విప్పి, చెడిపోని ఇటుకను చూపించి, మళ్ళీ బిగించి వచ్చేవాడు. ఒక్కచోట కూడా నిజం చెప్పలేదు. నాయనమ్మ ఫోన్ దగ్గర కూర్చుని ఆ ఇళ్ళ పేర్లు ఆయనకు అందించేది. మొగుడి ముఖంలోకి చూసేది కాదు.

తాతయ్య పోయినప్పుడు చర్చిలో ఆయన గురించి సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. అప్పటికి నేను కాలేజీకి వెళ్తున్నాను. పెదనాన్న లేచి మైకు ముందుకు వచ్చాడు. మా నాన్న ఎంత గొప్పవాడో మీకు తెలుసా, అని మొదలుపెట్టాడు. తన చేతిపనిలో తప్పు జరిగితే నలుగురి ముందూ ఒప్పుకున్న మనిషి, మా ఇంట్లో ఫర్నేస్ ఇటుక తప్పుగా పేర్చానని తనే చెప్పి తనే సరిచేశాడు, అలాంటి నిజాయితీపరుడు, అని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. చర్చి అంతా ఆమెన్ అంది. ఇన్నేళ్ళూ ఆయన నిజం తెలిసే నటిస్తున్నాడని నేను అనుకున్నాను. ఆ కన్నీళ్ళు చూశాక నాకు మతిపోయింది. ఆయన నమ్మాడు. తాతయ్య చెప్పింది నిజమేనని నమ్మి బతికాడు.

నేను సగం లేచాను. నోట్లో మాట సిద్ధంగా ఉంది. నాయనమ్మ నా కోటు అంచు పట్టుకుని కిందికి లాగింది. కూర్చున్నాను. ఆ కూర్చోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

సమాధుల తోటలో ఆవిణ్ణి అడిగాను, నీకు నిజం తెలుసా అని. "ఆయన పేర్చిన ఇటుక ఎట్టా ఉంటదో నాకు తెలవదంటావే?" అంది. మరి నన్నెందుకు చెప్పనివ్వలేదన్నాను. నాయనమ్మ, దూరంగా తన కూతురి భుజం పట్టుకుని నిలబడ్డ పెదనాన్నను చూపించింది.

"చెబితే మీ తాత లేచొస్తాడా? వాడు మాత్రం కూలిపోతాడు. పిల్లలున్న ఇంటిని తన చేత్తో తగలబెట్టబోయానని తెలిస్తే వాడికి ఇంక నిద్ర ఉంటదా?"

తాతయ్య ఆ అబద్ధాన్ని తలుపు తీయించడానికి ఒక్క పూటకే వాడాడని అంతవరకూ అనుకున్నాను. తలుపు తెరుచుకున్నాక కూడా దాన్ని ఎందుకు మోశాడో ఆ రోజు అర్థమైంది. అర్థమైంది కానీ ఒప్పుకోలేదు. నాకు అంత మనసు లేదు. పెదనాన్న కూడా పోయి చాలాకాలం అయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. మా తాతయ్య ఇటుక సరిగానే పేర్చాడు. ఎవరైనా వినేవాళ్ళుంటే వినండి.

పెదనాన్న ఇంటి కూడిక నుంచి నాకు మిగిలిందేమిటంటే ఒక్క మాట. తప్పు మాది. దాన్ని నా అంత అయిష్టంగా వాడేవాళ్ళు ఈ వ్యాపారంలో ఎవరూ ఉండరు. ఇప్పుడు దుకాణం మా అమ్మాయి చూస్తుంది. కరెంటు హీట్ పంపులు కూడా అమ్ముతుంది. కొండ మీది పాత ఇళ్ళకు మాత్రం ఇంకా ఆయిలే. పోయిన చలికాలం అలాంటి ఒక ఇల్లు కొనుక్కున్న తెలుగు కుర్రాడు ఫోన్ చేశాడు, ఇల్లంతా పొగ వాసన వస్తోందని. అమ్మాయితో పాటు నేనూ వెళ్ళాను. లోపల భార్య, చంటిబిడ్డ. భార్యాభర్తలిద్దరికీ తలనొప్పి, బిడ్డ మగతగా ఉంది. చలిగాలి వస్తోందని ఆ కుర్రాడు బేస్‌మెంట్‌లో గాలి వచ్చే కంతలన్నీ ప్లాస్టిక్ పెట్టి టేపు వేశాడట. ఫర్నేస్‌కు ఊపిరాడక, సరిగా మండని ఆయిలు విషవాయువు ఇల్లంతా పాకుతోంది. తల్లీబిడ్డల్ని బయటికి పంపి, అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యమని అమ్మాయికి చెప్పాను. కుర్రాడు మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆంటీ, నేను అన్నీ పర్ఫెక్ట్‌గా సీల్ చేశాను. ప్రాబ్లమ్ మీ మెషీన్‌లోనే ఉంది. అవి మళ్ళీ ఓపెన్ చేస్తానంటే ఒప్పుకోను."

నా నాలుక చివర ఏమేం ఉన్నాయో రాయను. "మావాళ్ళు లాస్ట్ టైమ్ సర్వీస్ చేసినప్పుడు ఏదో తప్పు చేసుంటారు బాబూ. మా తప్పు మమ్మల్ని చూసుకోనీ" అన్నాను. చేతులు విప్పి పక్కకు జరిగాడు. దిగి, ఫర్నేస్ ఆపి, ప్లాస్టిక్ అంతా చించేశాను. బిడ్డ ఆ సాయంత్రానికి కోలుకుంది.

వారం తిరక్కుండా ఆ కుర్రాడు మా మీద ఇంటర్నెట్‌లో ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ రాశాడు. తప్పు తమదేనని వాళ్ళే ఒప్పుకున్నారు, జాగ్రత్త, అని. మా అమ్మాయి ఊగిపోయింది. అమ్మా, రిప్లై నేను పెడతాను, ఫోటోలు కూడా ఉన్నాయి, అంది. వద్దన్నాను. ఎందుకు వద్దంటావని గట్టిగా అడిగింది. ఆ ఇంట్లో చంటిబిడ్డ ఉందన్నాను.

ఆ రివ్యూ ఇంకా అలాగే ఉంది. నేను అప్పుడప్పుడూ తీసి చదువుతాను, కోపం తగ్గకుండా. కొండ మీదికి వెళ్ళినప్పుడు ఆ ఇంటి ముందు కారు నెమ్మది చేసి చిమ్నీ వైపు చూస్తాను. పొగ ఉందో లేదో తెలియనంత పలచగా, తెల్లగా పోతూ ఉంటుంది. మసి లేదు, అంటే లోపల మంటకు గాలి అందుతోంది. చూసుకుని, ఆ కుర్రాణ్ణి తిట్టుకుంటూ ముందుకు వెళ్తాను.